ఒక్క ఊపిరి వేట

తెలుగులో చేపలు పట్టడాన్ని కూడ వేట అనే అంటాము. మన కోస్తా పల్లెలలో తెల్లవారుజామున పడవ నెట్టుకొని పోయినవాడు వేటకు పోయినట్లే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మరపడవలను ఆపుతారే, ఆ అరవై ఒక్క రోజులకూ వేట నిషేధమనే పేరు. ఆంగ్లంలో అట్లా కాదు. అడవిలో మృగాన్ని కొట్టడానికి ఒక క్రియ, నీటిలో చేపను పట్టడానికి వేరొక క్రియ. మొదటిది చేసేవాడు తాను దేనిని కొడుతున్నాడో చూస్తాడు. రెండవది చేసేవాడు గాలమో వలో వేసి, ఏది పడుతుందా అని కూర్చుంటాడు. మన ప్రాచీనులు ఈ రెంటికీ ఒకే మాట వాడడం ఉదారమో ఉదాసీనతయో నాకు తెలియదు గాని, ఈ మధ్య నేను ఎరిగిన ఒక చేపల వేటకు మాత్రం ఆ మాట నూటికి నూరుపాళ్ళు సరిపోతుంది.

అది కాలిఫోర్నియా ఉత్తర తీరంలో, సోనోమా మెండోసినో కౌంటీల రాతి ఒడ్డుల వెంబడి జరుగుతుంది. వీపున గాలి సిలిండరు లేకుండ, ఒక్క ఊపిరి బిగబట్టి, కెల్పు అడవిలోకి మునిగి, రాక్‌ఫిష్‌నో లింగ్‌కాడ్‌నో ఈటెతో కొట్టి తెచ్చుకోవడం. దీనికి తెలుగు మాట దొరకలేదు. "మునకవేట" అని నేను పెట్టుకొన్నాను. మిత్రులెవరికైనా ఇంతకంటె మంచి మాట తోస్తే సంతోషంగా స్వీకరిస్తాను. కెల్పును నాచు అనడానికి మాత్రం నాకు మనసొప్పదు. మన చెరువుమెట్ల మీద కాలు జారించే నాచు ఎక్కడ, నిలువు తాటిచెట్టంత ఎదిగే ఈ సముద్రపు మొక్క ఎక్కడ! అక్కడి బుల్ కెల్పు ఒంటికాడ మొక్క. అడుగున రాతిని పట్టుకొని, వసంతంలో మొలిచి, ఒక్క ఎండకాలంలోనే నీటి పైకంటా పెరిగి, కొసన ఒక బుడ్డిని తేల్చి, దాని నుండి ఆకులను జడలవలె పరచి, శీతకాలపు కెరటాలకు తెగిపోతుంది. ఆ నీడలోనే చేపల కాపురం.

నాకు ఈ సంగతులు తెలియడానికి కారణం మా మనుమడు. మా అమ్మాయి కుటుంబం సోనోమా కౌంటీలో ఉంటున్నది. తరతరాలుగా శాకాహారం మా ఇంట. కుర్రవాడు కళాశాలలో చేరిన తరువాత ఈ విద్య నేర్చినాడు. తెచ్చిన చేపను మా అమ్మాయి వంటింటి గడప దాటనివ్వదు. పెరట్లో ఒక గ్యాసు పొయ్యి పెట్టుకొని అక్కడే వండుకొంటాడు. ఇక బంధువుల అభిప్రాయాలు రెండుగా చీలినాయి. "ఆ హింస మన కుర్రవాడికి ఎందుకు" అన్నది ఒక పక్షం. "ఏమి సాహసం, ఏమి సాహసం" అని ఫొటోలు చూచి మెచ్చుకొన్నది రెండవ పక్షం. ఇద్దరికీ అసలు సంగతి పట్టలేదని నా ఉద్దేశం. చేప తిననివాడివి, మధ్యలో నీకేమి అధికారమని అడగవచ్చు. ధర్మనిర్ణయానికి నాలుక సాక్ష్యం అక్కరలేదని నా సమాధానం.

నా మాట ముందుగానే సూటిగా చెబుతాను. మనిషి నీటిలో చేసే వేటలలో ఇంత న్యాయమైనది అరుదు. అయితే అది దేనివలన న్యాయమైనదో సరిగ్గా దానివలననే ఆ వేటగానికి ఇతరులకు లేని బాధ్యతలు రెండు పడతాయి. చాలామంది అవి మోయడం లేదు.

మొదట ఊపిరి సంగతి. మన ధర్మశాస్త్రాలు వేటను వ్యసనాలలో లెక్కించినాయి. రాజుకు వేట తప్పని కాదు. ఎక్కడ ఆపాలో తెలియనిది కనుక వ్యసనం. పెద్దన స్వరోచి మృగయావినోదాన్ని వర్ణించినప్పుడు గాని, మరెవరు వేట వర్ణించినప్పుడు గాని, అడవి అయిపోవలసిందే తప్ప వేట అయిపోదు. మునకవేటలో ఆ "ఎక్కడ" అన్నది శరీరంలోనే ఉంది. అక్కడి నీరు సుమారు 10 నుండి 13 డిగ్రీల చలి. ఏడు మిల్లీమీటర్ల మందం రబ్బరు తొడుగు, అది తేల్చేస్తుంది కనుక నడుముకు ఎనిమిది పది కిలోల సీసం, పొడుగు రెక్కల వంటి పాదాలు, ముఖానికి అద్దం, చేతిలో ఈటె. ఉన్నది ఒక నిమిషం, బాగా అభ్యాసం ఉంటే ఒకటిన్నర, రెండు. అందులో దిగడానికి కొంత, పైకి రావడానికి కొంత పోగా రాతి సందులలో వెదకడానికి మిగిలేది అరనిమిషం. నీరు తేటగా లేని రోజున పది అడుగుల దూరం కనబడదు. వట్టిచేతులతో వచ్చే రోజులే ఎక్కువ. చట్టం రాక్‌ఫిష్ వర్గంలో అన్ని జాతులూ కలిపి రోజుకు పది వరకు అనుమతిస్తుంది. మా వాడికి ఆ చట్టంతో పని పడగా నేను చూడలేదు.

ఇక్కడ మన వారికి ఒక హెచ్చరిక చేయక తప్పదు. మనకు పూరకం, కుంభకం, రేచకం అనే మాటలు చిన్ననాటి నుండి పరిచయం. కాబట్టి ఈ విద్య మనకు సులభమని, మునిగే ముందు భస్త్రిక వలె గబగబ నాలుగుసార్లు గాలి పీల్చి వదలితే ఎక్కువసేపు ఉండవచ్చునని తోస్తుంది. ప్రాణం తీసే ఆలోచన అది. గబగబ పీల్చడం వలన రక్తంలో ఆమ్లజని చెప్పుకోదగినంత పెరగదు, బొగ్గుపులుసు వాయువు మాత్రం తగ్గిపోతుంది. "ఇక చాలు, పైకి పద" అని ఛాతీలో తొందరపెట్టేది ఆ వాయువే. అది తగ్గితే తొందర ఉండదు, హాయిగా ఉంటుంది, ఆ హాయిలోనే ఆమ్లజని అడుగంటుతుంది. పైగా పది మీటర్ల లోతున నీటి ఒత్తిడి ఉపరితలానికి రెట్టింపు. ఆ ఒత్తిడి ఉన్నంతసేపు మిగిలిన కొద్ది ఆమ్లజనీ సరిపోతున్నట్లే ఉంటుంది. పైకి వస్తున్నకొద్దీ ఒత్తిడి సగానికి పడి, చివరి రెండు మూడు బారల దగ్గర, ఒక్కొక్కప్పుడు తల నీటి పైకి వచ్చిన తరువాత కూడ, స్పృహ తప్పుతుంది. కేక లేదు, పెనుగులాట లేదు. అందుకే తెలిసినవారు జంటగా పోతారు. ఒకడు కింద ఉంటే ఒకడు పైన ఉండి కనిపెట్టాలి, పైకి వచ్చినవాణ్ణి కూడ మరొక అరనిమిషం కళ్ళలోకి చూస్తూ ఉండాలి. మా అమ్మాయి ఈ వేటకు ఒప్పుకొన్నది ఆ జంట నియమం విన్న తరువాతనే. ఫొటోలలో సాహసాన్ని మెచ్చుకొన్న బంధువులలో ఒక్కరూ "పైన ఎవరున్నారురా" అని అడగలేదు.

కాలిఫోర్నియాలో గాలి సిలిండరు తగిలించుకొని ఈటెతో చేపను కొట్టడం కూడ చట్టసమ్మతమే. ఫ్రాన్సు, స్పెయిన్, ఇటలీ దేశాలు దానిని ఒప్పవు. నాకు ఆ దేశాల మాటే సబబుగా తోస్తుంది. సిలిండరు వచ్చిన మరుక్షణం ఊపిరి అనే లెక్క పోయింది. మిగిలేది లోపల తీరికగా తిరిగి ఏరుకోవడం.

ఇక రెండవది చూపు. గాలం వేసినవాడికి కింద ఏమి కొరికిందో పైకి లాగితే గాని తెలియదు. రాక్‌ఫిష్ కడుపులో గాలితిత్తి ఉంటుంది. దానికి ఆ గాలిని చటుక్కున వదలుకొనే దారి లేదు. లోతు నుండి లాగినప్పుడు తిత్తి ఉబ్బి, కళ్ళు బయటికి పొడుచుకొనివచ్చి, లోపలి భాగం నోటి దాకా వస్తుంది. చట్టం వద్దన్న జాతి అయితే తిరిగి వదలాలి, కాని ఊరక వదిలితే అది మునగలేక తేలుతూ చస్తుంది. బరువు కట్టి లోతుకు దించే సాధనాలు వచ్చినాయి, వాటివలన చాలా చేపలు బతుకుతున్నాయి. అయినా మొదట జరిగినది చూడకుండ చేసిన పనియే. నాకు దశరథుని శబ్దవేధి గుర్తుకు వస్తుంది. సరయూ తీరాన చీకటిలో నీటి చప్పుడు విని ఏనుగనుకొని బాణం వేసినాడు. ఆయన విలువిద్యలో లోపం లేదు, గురి తప్పలేదు. చూడకుండ వేయడమే దోషం. ఆ దోషం ఒక వంశాన్ని, ఒక రాజ్యాన్ని ఏమి చేసిందో మనకు వేరే చెప్పనక్కరలేదు.

మునకవేటగానికి ఈ దోషం అంటదు. అతడు చేపను ముఖాముఖి చూస్తాడు. ఏ జాతి, ఎంత పొడవు, ఏమి చేస్తున్నది, అన్నీ చూచి, అప్పుడు వేస్తాడు. వేసినది వెనుకకు రాదు. గాలానికి పడినదానిని వదలవచ్చు, ఈటె దిగినదానిని వదలడమనేది లేదు. కాబట్టి నేను పైన చెప్పిన రెండు బాధ్యతలూ ఈ చూపు వలన వచ్చినవే. చూడనివాడికి "తెలియదు" అనే మాట ఒకటి ఉంది. చూచినవాడికి లేదు.

మొదటి బాధ్యత ముసలి చేపల పట్ల.

రాక్‌ఫిష్ అనేది ఒక చేప కాదు, నూరుకు పైబడిన జాతుల కుటుంబం. ఇవి నీటిలో గుడ్లు వదలవు, కడుపులోనే పొదిగి లక్షల కొలది పిల్లలను కంటాయి. వీటి ఆయుర్దాయం వింటే ఆశ్చర్యం కలుగుతుంది. చెవిలో ఉండే చిన్న రాతిలో చెట్టు మొదటి వలయాల వలె ఏటికొక వలయం పడుతుంది, వాటిని లెక్కపెడతారు. లోతునీటి రఫ్‌ఐ అనే జాతికి 200 ఏళ్ళు దాటిన లెక్క ఉంది. ఎల్లోఐ నూరేళ్ళు దాటుతుంది. శతమానం భవతి అని మనము మనుష్యులను దీవిస్తాము, సముద్రం ఆ దీవెనను దానికి నిజం చేసింది. కెల్పు అడవిలో కనబడేవాటిలో నల్ల రాక్‌ఫిష్ ఏభై ఏళ్ళ వరకు, నలుపు మీద పసుపుపచ్చని పట్టీ గల చైనా రాక్‌ఫిష్ డెబ్బై దాటి కూడ బతుకుతాయి. ఈ చైనా రాక్‌ఫిష్ తన రాతిని విడిచి దూరం పోదు. అంటే మా మనుమడు ఒక సందులో చూచిన చేప, నేను పలక పట్టుకొని బడికి పోయిన నాటి నుండి ఆ సందులోనే ఉండి ఉండవచ్చు!

వయసుకు విలువ కూడ ఉంది. స్టీవెన్ బర్క్‌లీ, ఆయన సహచరులు నల్ల రాక్‌ఫిష్ మీద చేసి 2004లో ప్రకటించిన పరిశోధనలో ముసలి తల్లుల పిల్లలు పడుచు తల్లుల పిల్లలకంటె త్వరగా పెరిగినాయి, ఆకలికి ఎక్కువకాలం తట్టుకొన్నాయి. తల్లి ఇచ్చిన నూనెబొట్టు పెద్దది కావడమే కారణం. సంఖ్యలో కూడ పెద్ద తల్లి కనేది పడుచు తల్లులు కనేదానికి ఎన్నో రెట్లు. అయితే వేటగాళ్ళ లోకంలో మెప్పు ఎవరికి? పెద్ద చేపను కొట్టినవాడికి. పోటీలు పెట్టి తూచి బహుమతులు ఇచ్చేది ఎవరికి? వాడికే. బరువు చూచి మెచ్చుకోవడమంటే ఆ రాతి మీద అన్నిటికంటె అవసరమైన చేపను ఏరి చంపినందుకు మెచ్చుకోవడం. గాలం వేసినవాడికి పెద్దది పడితే అదృష్టం. మునిగినవాడు చిన్నదానిని వదిలి, మధ్యదానిని వదిలి, పెద్దదానిని ఎన్నుకొంటాడు. అది ఎన్నిక. నాకున్న అభ్యంతరం అక్కడ.

రెండవ బాధ్యత లింగ్‌కాడ్ పట్ల. పేరు లింగ్‌కాడ్, కాని అది లింగూ కాదు, కాడూ కాదు. ఆ రెండు అట్లాంటిక్ చేపల పేర్లను పసిఫిక్ తీరానికి వచ్చిన తెల్లవారు దీనికి అంటగట్టినారు. నోటి నిండ కత్తుల వంటి పళ్ళు, మచ్చల ఒళ్ళు. కొన్నిటి మాంసం నీలం కలిసిన ఆకుపచ్చగా ఉండి, వండితే తెల్లబడుతుంది. (మొదటిసారి ఆ రంగు చూచి మా అమ్మాయి, "ఇది కుళ్ళిపోయింది, పారవేయరా" అని పోరు పెట్టింది. "కాదమ్మా, దీని రంగే అంత" అని నచ్చచెప్పడానికి వాడికి ఒక పూట పట్టింది.) ఆడచేప మగదానికంటె చాలా పెద్దది, అయిదు అడుగుల వరకు పెరగగలదు. శీతకాలంలో అది రాతి సందులో గుడ్ల ముద్ద పెట్టి తన దారిన పోతుంది. అక్కడి నుండి గుడ్లు పిల్లలయ్యేదాకా, దరిదాపు రెండు నెలలు, కావలి మగదానిది. కావలి లేని గుడ్లను ఇతర చేపలు, నత్తలు, నక్షత్ర జీవులు తినివేస్తాయి. మామూలు రోజులలో మనిషి నీడ పడితే పారిపోయే చేప కూడ, ఆ రోజులలో మనిషి చేరువకు వచ్చినా చోటు విడవదు.

వేటగానికి ఇంతకంటె సులువైన గురి ఉండదు. చలికాలంలో గూటి దగ్గర నిలిచిన మగచేపను కొట్టి "కదలనైనా కదలలేదు" అని గొప్పగా చెప్పుకొనేవారున్నారని మా వాడే చెప్పినాడు. వాల్మీకి చేత శ్లోకం పలికించిన నిషాదుడు తక్కినవారికంటె ఎక్కువ పక్షులను కొట్టలేదు, ఒక్కదానినే కొట్టినాడు. ఏ స్థితిలో ఉన్నదానిని కొట్టినాడన్నదే ఆ కవి గుండెకు తగిలింది. ఒక చేపను చంపడం వేరు, దానితోపాటు అది కాస్తున్న లక్షల గుడ్లను పక్షపు రోజులలో ఇతరుల పాలు చేయడం వేరు. ఈ విషయంలో నేను చట్టపు తేదీల కొరకు చూడను. చేప వెనుక సందులో తెల్లని ముద్ద కనబడితే ఈటె దించవలసిందే, అది ఏ నెలయైనా సరే.

నేను చెప్పేది భావుకత అని కొందరంటారు. లింగ్‌కాడ్‌ను 1999లో మితిమీరి పట్టిన చేపగా ప్రకటించినారు. 2000లో ఆ తీరపు అడుగునీటి చేపల పరిశ్రమనే విపత్తుగా ప్రకటించవలసివచ్చింది. పట్టడం తగ్గించినారు, తీరంలో కొన్ని లోతులను మూసినారు. 2005 నాటికి లింగ్‌కాడ్ కోలుకొన్నది. కెనరీ రాక్‌ఫిష్‌కు 2015 దాకా పట్టింది. ఎల్లోఐని ముట్టుకోనివ్వక ఇరవై ఏళ్ళు దాటింది. త్వరగా పెరిగే చేప ఆరేళ్ళలో లేచింది, నూరేళ్ళు బతికే చేపకు ఒక తరం పట్టినా చాలలేదు. భావుకత ఎవరిది?

న్యాయంగా రెండవ వైపు కూడ చెప్పాలి. ఆ తీరంలో కెల్పు అడవిని చంపినది వేటగాళ్ళు కారు. 2013 నుండి సముద్ర నక్షత్రాలకు ఒక తెగులు సోకి కరిగిపోయినట్లు చచ్చినాయి. దానికి కారణం విబ్రియో పెక్టెనిసిడా అనే బ్యాక్టీరియా అని, అంటే మన కలరా క్రిమికి జ్ఞాతి అని, 2025లో గాని తేలలేదు. వాటిలో పొద్దుతిరుగుడు పువ్వంటి పెద్ద నక్షత్రం ఊదారంగు ముళ్ళజీవులను తిని అదుపులో ఉంచేది. అది పోయింది. 2014 నుండి 2016 వరకు సముద్రం వేడెక్కింది. ముళ్ళజీవులు విచ్చలవిడిగా పెరిగి కెల్పును మొదలంటా కొరికివేసినాయి. ఉత్తర కాలిఫోర్నియాలో 350 కిలోమీటర్ల తీరం మేర నూటికి తొంబది పాళ్ళకు పైగా కెల్పు పోయింది. కెల్పు తిని బతికే ఎర్ర అబలోని అనే పెద్ద గుల్ల ఆకలితో చచ్చింది. దాని వేటను 2018లో మూసివేసినారు. అప్పుడు సుత్తులు పట్టుకొని నీటిలోకి దిగి ముళ్ళజీవులను తొలగించినవారిలో ఈ మునకవేటగాళ్ళు ఉన్నారు. వారి సంఘాలు కలిసి ఏర్పడిన వాటర్‌మెన్స్ అలయన్స్ చందాలు పోగుచేసింది, మనుష్యులను పోగుచేసింది. మెండోసినో దగ్గరి కాస్పర్ కోవ్‌లో ఆ పని సాగింది. తినేవాడే కాచినాడు. "హింస" అని ముఖం తిప్పుకొన్న మా శాకాహార పక్షం నుండి ఆ నీటిలోకి ఒక్కరూ దిగలేదు, నన్ను కూడ కలుపుకొనే చెబుతున్నాను.

అందువలన ఈ వేట మానమని నేను మా మనుమడికి చెప్పలేదు, చెప్పను. అక్కడి చట్టంలో ఒక మార్పు మాత్రం కోరుతాను. కాలిఫోర్నియాలో లింగ్‌కాడ్ 22 అంగుళాలకు తక్కువ ఉండరాదు. పైన హద్దు లేదు. వాషింగ్టన్ రాష్ట్రంలోని ప్యూజెట్ సౌండ్‌లో 26కు తక్కువ ఉండరాదు, 36కు ఎక్కువా ఉండరాదు. వేట మే నెలలో గాని మొదలుకాదు, అంటే గూళ్ళ కావలి ముగిసిన తరువాత. పిల్లచేపనూ పెద్ద తల్లినీ ఒకేసారి కాచే ఈ రెండు గీతల పద్ధతి కాలిఫోర్నియాకు ఎందుకు రాకూడదు? కనీసం ఈటె పట్టినవారి వరకైనా రావాలి.

ఈ మాట అంటే మా వాడు ఒక అడ్డు చెప్పినాడు, అది కొట్టివేయదగినది కాదు. "తాతయ్యా, నీటిలో అద్దంలోంచి చూస్తే ప్రతి వస్తువూ మూడోవంతు పెద్దగా కనబడుతుంది. 22 అంగుళాల చేప 29 ఉన్నట్లుంటుంది. కింద గీత దగ్గరే మాకు తబ్బిబ్బు. పైన ఇంకొక గీత పెడితే, కొట్టి పైకి తెచ్చిన తరువాత ఒక అంగుళం ఎక్కువైతే ఏమి చేయాలి? వదిలినా బతకదు కదా."

నిజమే. కాని ఆ తబ్బిబ్బు ఇప్పుడున్న కింద గీతకూ ఉంది, అయినా దానిని ఎవరూ ఎత్తివేయమనడం లేదు. వారు ఈటె కర్ర మీద 22 అంగుళాల దగ్గర చుట్టు గుర్తు పెట్టుకొని, చేప పక్కన పట్టి చూచుకొంటారు. కర్ర కూడ నీటిలో అంతే పెద్దగా కనబడుతుంది కనుక కొలత చెడదు. 36 దగ్గర రెండవ చుట్టు వేయడానికి పెద్ద కష్టమేమీ లేదు. చూచుకొనేటంత ఊపిరి మిగలకపోతే పైకి రావాలి.